మనుషుల్లేని ఊరు

"మన బడి ఆయా ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ఆమె ఆత్మశాంతి కోసం ఒక్క నిమిషం మౌనంగా ప్రార్థిద్దాం," అని ఫాదర్ మైకులో అనగానే ఒకటో తరగతి పిల్లలందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు.

వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన, ఆయా చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

వరుస చివరనున్న పాపకి కింది పెదవి వణికింది. ఆ పక్క పిల్లకి ఏడుపే వచ్చేసింది. చూపులన్నీ తన మీదే ఎందుకున్నాయో ఆయాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చీపురు గాల్లోకెత్తి ఊపింది.

"నేను బతికే ఉన్నానే తల్లీ! ఇదిగో, కదుల్తున్నాగా!"

పెద్ద తరగతుల వైపు నుంచి కిసకిస నవ్వులు లేచాయి. ఫాదర్ మైకు మీద వేలితో కొట్టి "సైలెన్స్" అన్నాడు. నవ్వులు ఆగాయి. మౌనంగా ఉండాల్సిన నిమిషం అలా గడిచిపోయింది.

టీచర్ల వరుసలో పెద్ద టీచర్ ఒక్కతే తల వంచలేదు. చెల్లెలు పోయాక ఆమె బడికి రావడం అదే మొదలు. పై తరగతులకి చరిత్ర చెప్పే తనని పిల్లలు పెద్ద టీచర్ అంటారు. ఒకటో తరగతికి చెప్పే చెల్లెల్ని చిన్న టీచర్ అనేవారు. ఆ పేర్లు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. పిల్లలు మారినా పేర్లు మాత్రం మారలేదు.

పిల్లలు తరగతులకి కదిలాక ఆమె తిన్నగా ఫాదర్ గదికి వెళ్ళింది. బడి చర్చి ఆవరణలోనే ఉంది. ఆ చర్చి విచారణ గురువు, అంటే ఫాదరే, బడికి కరస్పాండెంటు కూడా. వయసులో ఆమెకంటే బాగా చిన్న. మర్యాదస్థుడు. ఆమెని చూడగానే లేచి కుర్చీ చూపించాడు.

"కూర్చోండి టీచరమ్మా. ఇంకో నాలుగు రోజులు ఇంట్లో ఉండాల్సింది మీరు."

"మా చెల్లి ఆయా కాదు ఫాదర్."

"అయ్యో, నాకు తెలీదా! సహాయకురాలు అంటే పిల్లలకి అర్థం కాదని అలా అన్నాను."

"టీచర్ అంటే అర్థమయ్యేది."

ఆయన బల్ల మీది అద్దం కింద పెట్టుకున్న పునీతుల బొమ్మల్ని ఒకసారి చూసుకున్నాడు. "అర్థం కావడం వేరు టీచరమ్మా, ఆర్డర్ వేరు. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు చెప్పేదేముంది. ఆమెకి అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు కదా. రికార్డులో సహాయకురాలనే ఉంది. లేని హోదా నేనెక్కణ్ణించి తెచ్చిచ్చేది? ఇవాళ ఒకరిని అలా అంటే రేపు ఇంకొకరు వస్తారు."

"నేను రికార్డు మార్చమనడం లేదు. ఆదివారం పూజ మా చెల్లి కోసం చెప్పించుకున్నాను. అప్పుడు పేరు చదువుతారు కదా. ముందు టీచర్ అని చదవండి. ఆ ఒక్క మాట చాలు. నాకింకేం వద్దు."

ఫాదర్ నుదురు రుద్దుకున్నాడు. "అదే చెబుదామనుకుంటున్నాను. ఆదివారం కొత్త సహాయ పీఠాధిపతులు, అదే సహాయ బిషప్పుగారు, మన విచారణకి మొదటిసారి దయచేస్తున్నారు. ముందు బడిలో సన్మాన సభ, తర్వాత పూజ. మీ చెల్లెలి పూజ కూడా దాన్లోనే కలిపేశాను. ఏలినవారే స్వయంగా చేస్తారు. ఎంతమందికి దొరుకుతుంది ఆ భాగ్యం?"

ఆమె చూపు బల్ల మీది పునీతుల బొమ్మల మీదికి వెళ్ళింది.

"మీతో ఒక పని కూడా పడింది," అన్నాడు ఆయన, ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద తీసుకుని. "ఏలినవారికి గౌరవ నామాలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు అంటే మక్కువట. ఎవరైనా పిలుపులో పొరపాటు చేస్తే ఆ పూటంతా మాట్లాడరట. మీరు చరిత్ర టీచర్ కదా, బిషప్పులకి ఈ బిరుదులు ఎలా వచ్చాయో ఒక పది నిమిషాల ప్రసంగం రాసి, సభలో మీరే చదివితే బావుంటుంది. పుస్తకాలు మన గ్రంథాలయంలో ఉన్నాయి."

"రాస్తాను ఫాదర్. మీరు ఆ మాట సంగతి చూడండి."

"చూద్దాం, చూద్దాం," అన్నాడు ఆయన.

ఒకటో తరగతి గదిలో ఆయా గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ఇంకో మనిషి దొరికేదాకా పిల్లల్ని బయటికి పోకుండా చూడమని ఫాదర్ చెప్పాడు.

"చదువు చెప్పమనలేదులే అమ్మా. కాపలా," అంది ఆయా లేచి దారిస్తూ. "ఒకడు ఇప్పుడే అడిగాడు, నువ్వు పోయి మళ్ళీ వచ్చావా అని. అవునురా, చీపురు మర్చిపోయి వచ్చానన్నాను."

పెద్ద టీచర్‌కి ఆ గంట తరగతి లేదు. లోపలికి వెళ్ళింది. కిటికీ కింద చెల్లెలి ఇసుక పళ్ళెం ఉంది. అంచులు నున్నగా అరిగిపోయిన చెక్క పళ్ళెం. ఇసుకని చెల్లెలే జల్లించి, కడిగి, ఎండబెట్టేది. కొత్తగా చేరిన పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని ఇసుకలో రాయించేది. అక్షరం అయ్యాక పిల్లచేతనే పళ్ళెం కుదిపించేది. తప్పు రాసినా ఒప్పు రాసినా కుదిపితే పోతుంది, భయం లేదు, అనేది. పలక మీద కొట్టేసిన గుర్తు ఉంటుంది, ఇసుకలో ఉండదు కదక్కా, అని ఒకసారి చెప్పింది. అక్కడ నిలబడి వింటే పాఠం చెబుతున్నట్టే ఉండేది కాదు. ఎవరో ఇద్దరు గుసగుసలాడుకుంటున్నట్టు ఉండేది.

పళ్ళెంలో చివరిసారి ఎవరు రాశారో, సగం అక్షరం మిగిలి ఉంది. పెద్ద టీచర్ దాన్ని కుదపలేదు.

"పెద్ద టీచర్, చిన్న టీచర్ రేపొస్తారా?" అని ముందు బల్ల పిల్లాడు అడిగాడు.

"రారు నాన్నా."

"ఆయమ్మ వచ్చిందిగా మరి?"

ఆమె నల్లబల్ల వైపు తిరిగి, అవసరం లేకపోయినా తుడిచింది. తుడిచే గుడ్డ చెల్లెలు చేత్తో కుట్టిందే. పాత గుడ్డపేలికలు నాలుగు మడతలు పెట్టి, మూలకి చేతికి తగిలించుకోవడానికి ఒక పట్టీ కుట్టింది. నాలుగు ముక్కలు నాలుగు రంగులు. వాటిలో ఒకటి పెద్ద టీచర్ పాత కర్టెను ముక్క.

సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద గ్రంథాలయం పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. చెల్లెలి కూతురు టీ పెట్టి పక్కన కూర్చుంది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఇప్పుడు తల్లీ లేదు. పెద్దమ్మ దగ్గరికి మకాం మార్చి, తెచ్చుకున్న రెండు పెట్టెలు ఇంకా విప్పకుండా ఉంచింది.

"చదివి చెప్పు పెద్దమ్మా. నాకూ నిద్ర పట్టించు," అంది.

పెద్ద టీచర్ చదివిందే చెప్పింది. తొలిరోజుల్లో బిషప్పులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటే ఎక్కువగా 'సోదరా' అనే రాసుకునేవారు. పోపు అన్న మాటకి మూలమైన 'పాపా', అంటే నాన్న, అన్న పిలుపు అప్పట్లో రోము బిషప్పు ఒక్కడి సొత్తు కాదు, చాలామందిని అలా పిలిచేవారు. ఒక పోపుని ఇంకో ఊరి బిషప్పు, లోకానికంతటికీ పోపువి నువ్వే అని పొగుడుతూ ఉత్తరం రాస్తే, ఆయన కోప్పడ్డాడు. నా సోదరుల గౌరవం తగ్గించి నాకు పెట్టేది గౌరవం కాదు, ఇంకెప్పుడూ అలా రాయకు అన్నాడు. అది మొదటి వెయ్యేళ్ళ సంగతి. మెల్లగా రాజాస్థానాల్లో ఉండే పిలుపులు చర్చిలోకి వచ్చాయి. పదిహేడో శతాబ్దంలో కార్డినళ్ళకి కొత్త పిలుపొకటి ఇస్తే, వాళ్ళు విడిచిన పాతదాన్ని బిషప్పులు తొడుక్కున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో, రాయబారుల్ని పిలిచినట్టు 'ఎక్స్‌లెన్సీ' అనడం వాళ్ళకి అధికారికంగా దక్కింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి, రోములో మహాసభకి వెళ్ళిన బిషప్పుల్లో నలభైమంది దాకా నేలకిందున్న పాత సమాధుల దగ్గర పూజ చేసుకుని, మాకీ పిలుపులేవీ వద్దు, ఫాదర్ అంటే చాలు అని మాట ఇచ్చుకున్నారు.

"వాళ్ళని మన ఫాదర్‌కి చూపించకు. జడుసుకుంటాడు," అంది పిల్ల. "మరి ఆదివారం వచ్చే ఆయనది ఏ ఊరు?"

"అదే చూస్తున్నాను." పెద్ద టీచర్ కళ్ళజోడు సర్దుకుంది. "బిషప్పు అన్నవాడికి ఒక ఊరు ఉండితీరాలి. అది పాత నియమం. ఈయన సహాయ బిషప్పు. ఇక్కడి మేత్రాసనం, అంటే బిషప్పు ఏలే ప్రాంతం, పెద్ద బిషప్పుది. కాబట్టి ఈయనకి ఎప్పుడో అంతరించిపోయిన ఊరి పేరొకటి ఇస్తారు. పూర్వం యుద్ధాల్లో ఊళ్ళు పోగొట్టుకుని పారిపోయి వచ్చిన బిషప్పులకి ఆ పేర్లొకటే మిగిలాయి. వాళ్ళు పోయాక వాటిని వేరేవాళ్ళకి ఇస్తూ వచ్చారు."

"అంటే ఆ ఊళ్ళో ఎవరూ లేరా?"

"ఊరే లేదు. ఎడారి. ఇసుకలోంచి రెండు స్తంభాలు బయటికి కనిపిస్తాయని రాశారు."

పిల్ల కాసేపు ఆలోచించింది. "గొడవే లేదు. ఎవరూ పెళ్ళికి పిలవరు, ఎవరూ చందా అడగరు." తర్వాత నవ్వు మానేసి టీ కప్పు అంచు మీద వేలు తిప్పింది. "ఆయన కూడా సహాయకుడే అన్నమాట, అమ్మలాగ."

పెద్ద టీచర్ పెన్ను మూత పెట్టేసింది. ఆ రోజంతా తనలో ఉన్నది దుఃఖమే అనుకుంది. అది దుఃఖం కాదని, కోపమని అప్పుడు తెలిసింది.

గురువారం మధ్యాహ్నం ఆవరణలో రిహార్సలు పెట్టారు. వేదిక కోసం తెచ్చిన చెక్కలు ఇంకా కట్టని చోట, ఎండలో, పిల్లల్ని వరసలు కట్టించి ఫాదరే స్వయంగా చెప్పిస్తున్నాడు.

"మహాఘనత వహించిన..."

"మహాఘనత వహించిన!"

"మహాపూజ్యులైన, ఏలినవారైన..."

ఒకటో తరగతి పిల్లలు 'మహాఘనత' దాకా వచ్చి ఆగిపోతున్నారు. మోకరించి బిషప్పు ఉంగరాన్ని ముద్దాడడం మాత్రం బాగా నేర్చుకున్నారు. ఒకరి చేతిని ఒకరు ముద్దాడి పకపక నవ్వుకుంటున్నారు.

చెట్టునీడన నిలబడి ఫాదర్ ఆమె రాసిచ్చిన ప్రసంగం చదివాడు. పెన్సిలు తీశాడు. కోప్పడ్డ పోపు పోయాడు. నలభైమంది బిషప్పులు పోయారు. 'సోదరా' అన్న వాక్యం మీద పెన్సిలు కాసేపు ఆగి, దాన్నీ కొట్టేసింది.

"బాగా రాశారు టీచరమ్మా. కొంచెం పొడుగైంది, అంతే. సందర్భానికి ఏది నప్పుతుందో చూసుకోవాలి కదా."

"నా మాట సంగతి చూశారా ఫాదర్?"

"ఏ మాట?"

"టీచర్ అన్న మాట."

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. "చెప్పాను కదా. లేని హోదా..."

"ఏలినవారి ఊళ్ళో ఎంతమంది ఉన్నారు ఫాదర్?"

"అంటే?"

"ఆయన పీఠం ఉన్న ఊరు. ఎంతమంది విశ్వాసులు? ఎన్ని ఇళ్ళు?"

"అది సంప్రదాయం టీచరమ్మా. మీరే రాశారు కదా. గౌరవార్థం..."

"ఇసుకలో రెండు స్తంభాలున్నాయి. ఆ ఊరికి ఆయన బిషప్పు. అది అబద్ధమని ఎవరూ అనరు. నేనూ అనను. మా చెల్లి ముందు ఏటా గదినిండా పిల్లలుండేవాళ్ళు. ఆమె మాత్రం వాళ్ళకి టీచర్ కాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏలినవారిని తీసుకొచ్చి మీ చెల్లెలితో పోలుస్తారా?"

"పోల్చడం లేదు ఫాదర్. పోలికే లేదు. మా చెల్లి దగ్గర మనుషులుండేవాళ్ళు."

ఆమె గొంతు పెంచలేదు. పై తరగతిలో తేదీలు చెప్పే గొంతుతోనే చెప్పింది. అయినా దగ్గర్లో నిలబడ్డ ఇద్దరు టీచర్లు పక్కకి జరిగారు. ఫాదర్ దూరంగా ఉన్న పిల్లల వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముఖంలో మెత్తదనం వచ్చింది. ఏదో దారి దొరికిన మనిషిలా ఉన్నాడు.

"మీ బాధ నాకు తెలీకపోలేదు. ఒక పని చేద్దాం. ఆమెకి ఏలినవారి చేతులమీదుగా పతకం ఇప్పిస్తాను. 'సేవామణి' అని బిరుదు. ఉత్తమ ఆయాగా ఇన్నేళ్ళు చేసిన సేవకి. మీరు వేదికెక్కి అందుకుందురుగాని. ఫొటో తీయిస్తాను."

"దానికి ఆర్డర్ అక్కర్లేదా?"

"బిరుదుకి ఆర్డరెందుకండీ? అది గౌరవం. మీరడిగేది ఉద్యోగం."

"ఈ బిరుదు కూడా మనుషుల్లేని ఊరే ఫాదర్," అంది ఆమె. "మీ ప్రసంగం మీరే చదువుకోండి." కాగితాలు ఆయన చేతిలోనే వదిలేసి నడిచింది.

నీళ్ళ ట్యాంకు దగ్గర ఆయా బకెట్లు కడుగుతోంది. అంతా విననే విన్నది. వినలేదన్నట్టు నటించడం ఆమెకి చేతకాదు.

"ఉత్తమ ఆయా అంటే ఏందమ్మా?"

"ఆదివారం మా చెల్లికి ఇస్తారట. పతకం."

"ఆయా అని పిలిచి?"

"ఆయా అని పిలిచే."

ఆయా బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. "ఇన్నేళ్ళనుంచి ఊడుస్తున్నాను. నా మొహాన ఒక పిన్నీసు కూడా పెట్టలేదు. ఆవిడేమో చీపురు ముట్టుకున్న పాపాన పోలేదు. అక్షరాలు దిద్దించిందేమో ఆవిడ, ఆయా అయిందీ ఆవిడే. మరి నేనేంటంట ఈ బళ్ళో?" కోపం నిజమైనదే. కొంత తన కోసం, కొంత చిన్న టీచర్ కోసం. ఏది ఎంతో ఆమెకే తెలిసినట్టు లేదు. "నువ్వెళ్తావా పైకి?"

"వెళ్ళను."

"మరి ఎవరెళ్తారు?"

"ఎవరూ వెళ్ళరు."

ఆయా తడిచేతులు దులుపుకుంది.

ఆదివారం ఉదయం ఆవరణ నిండిపోయింది. వేదిక మీద ఎర్రగుడ్డ, పూలకుండీలు, నడుమ ఎత్తైన కుర్చీ. సహాయ పీఠాధిపతి పెద్దవయసు మనిషి. మోకాళ్ళ నొప్పేమో, మెట్టుమెట్టుకీ ఆగి ఎక్కాడు. పిల్లలు 'మహాఘనత' దాకా ఒకే గొంతుతో అరిచి, తర్వాత ఎవరికి వచ్చింది వాళ్ళు అరిచారు. ఆయన చెయ్యెత్తి దీవించాడు.

ఫాదర్ ప్రసంగం చదివాడు. బిరుదులు ఒకదాని వెంట ఒకటి మైకులోంచి వెళ్ళి చర్చి గోడకి తగిలి వెనక్కి వచ్చాయి. ఇసుక కింది ఊరి పేరు వచ్చినచోట ఆయన గొంతు పెంచాడు. జనం చప్పట్లు కొట్టారు. టీచర్ల కుర్చీల్లో, ముందు వరుస చివర, పెద్ద టీచర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన చెల్లెలి కూతురు.

"ఇప్పుడు మన బడికి చిరకాలం సేవలందించి, ఇటీవలే ప్రభువులో నిద్రించిన ఆయాకి, ఏలినవారు తమ అమృతహస్తాలతో 'సేవామణి' బిరుదు ప్రదానం చేస్తారు. ఆమె తరఫున..." ఫాదర్ ముందు వరుస చివరికి చూశాడు. "ఆమె తరఫున వారి అక్కగారు వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాను."

సహాయ పీఠాధిపతి కుర్చీలోంచి లేచాడు. నీలం రిబ్బను పతకం రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

పెద్ద టీచర్ లేవలేదు.

"వారి అక్కగారు," అన్నాడు ఫాదర్ మళ్ళీ.

పిల్ల పెద్దమ్మ మోచేయి పట్టుకుంది. ఆపడానికో, ధైర్యానికో. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు. పీఠాధిపతి పతకం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. రిబ్బను గాలికి ఊగుతోంది. పెద్ద టీచర్ వేదికనే చూస్తూ కూర్చుంది. చూపు తిప్పుకోలేదు. సిగ్గుపడాల్సింది తను కాదని అంతకుముందే నిశ్చయించుకుంది.

అప్పుడు నీళ్ళ ట్యాంకు వైపు నుంచి ఆయా నడిచి వచ్చింది. చీపురు లేదు. తలకి కట్టుకునే గుడ్డ ఉతికినది కట్టుకుంది. జనం తనకే దారి ఇస్తున్నారన్నట్టు నడిచి, మెట్లెక్కి, పీఠాధిపతి ముందు నిలబడింది. ఫాదర్ ఒక్క అడుగు ముందుకేశాడు.

"నువ్వు కాదు. దిగు, దిగు," అన్నాడు మెల్లగా. మైకు ముందు అన్న సంగతి మర్చిపోయాడు. అందరికీ వినబడింది.

"ఆయా అని పిలిచారు కదండీ," అంది ఆయా. "ఈ బళ్ళో ఆయాని నేనొక్కదాన్నే."

"పిలిచింది చనిపోయినామెని..."

"చనిపోయింది ఆయా కాదు కదండీ."

పీఠాధిపతి ఆమె వైపూ ఫాదర్ వైపూ మార్చి మార్చి చూశాడు. "మరి ఎవరమ్మా?"

"టీచరండీ. ఒకటో తరగతి టీచర్." ఆయా ముందు వరుసల్లో నేలమీద కూర్చున్న పిల్లల వైపు చెయ్యి చాపింది. "ఇదిగో వీళ్ళందరికీ అక్షరాలు దిద్దించింది. వీళ్ళ అన్నలకీ, అక్కలకీ ఆవిడే. నేను ఊడ్చేదాన్ని, ఆవిడ చెప్పేది. నా పని నాది, ఆవిడ పని ఆవిడది. ఇది ఉత్తమ ఆయాకి అయితే నాకిచ్చేయండి. మోకాళ్ళు నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేను."

చివరి మాటకి పీఠాధిపతి ఆమె మోకాళ్ళ వైపు చూశాడు. ఒక్క క్షణం ముఖంలో ఏదో కదిలింది. ఫాదర్ చెవిలో ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. వంగి పతకం ఆయా మెడలో వేశాడు. రిబ్బను తలగుడ్డకి చిక్కుకుంటే ఆయాయే విడిపించుకుంది. చప్పట్లు ఒకటో తరగతి పిల్లలు మొదలుపెట్టారు. వాళ్ళ ఆయా బతికే ఉంది. అది వాళ్ళకి చాలు.

దిగివస్తూ ఆయా పెద్ద టీచర్ దగ్గర ఆగింది. పతకాన్ని గోటితో గీకి చూసింది.

"ఇత్తడే," అంది. "బరువుందిలే."

చర్చిలో పూజ మొదలయ్యే ముందు మెట్ల దగ్గర ఫాదర్ పెద్ద టీచర్‌ని ఆపాడు. "ఇది మీరు చేయించిందేనా?"

"లేదు ఫాదర్. నేను కూర్చున్నాను, అంతే."

పూజలో నడిమి ప్రార్థన వచ్చింది. పెద్ద టీచర్ అది ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఈసారి మాటమాటా వింది. పీఠాధిపతి చేతులు చాచి పోపు పేరు చదివాడు. ముందు బిరుదేదీ లేదు, పేరు ఒక్కటే. ఇక్కడి పెద్ద బిషప్పు పేరు చదివాడు. పేరు ఒక్కటే. తన దగ్గరికి వచ్చేసరికి పేరు కూడా లేదు. "అయోగ్యుడైన నీ దాసుణ్ణి, నన్ను" అన్నాడు. గంటసేపు మైకులో మోగిన బిరుదుల్లో ఒక్కటీ ఆ ప్రార్థనలో లేదు. ఎప్పుడూ లేదు. పుస్తకంలో అచ్చయ్యే ఉంది. ఫాదరూ రోజూ అదే చదువుతాడు.

తర్వాత మృతుల కోసం. ఫాదర్ రాసిచ్చిన చీటీ పుస్తకం మీద ఉంది. అందులో ఏమని ఉందో పెద్ద టీచర్‌కి తెలుసు. పీఠాధిపతి దాన్ని చూసి, ఒక క్షణం ఆగి, చెల్లెలి పేరు ఒక్కటే చదివాడు. ఆయా అనలేదు. టీచర్ అనలేదు. పుస్తకంలో ఉన్న పద్ధతే అదో, లేక ఆయన ఆలోచించి మానేశాడో ఆమెకి తెలియలేదు. పక్కన చెల్లెలి కూతురు ఏడుస్తోంది. పెద్ద టీచర్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. తనకి మాత్రం ఏడుపు రాలేదు. దేవుడి ముందు అందరికీ పేరొక్కటే సరిపోతుంది, నిజమే. కానీ దేవుడి ముందు నిలబడ్డప్పుడే సరిపోతుంది. బయట మెట్ల మీద సరిపోవడం లేదు.

సోమవారం ఉదయం మొదటి గంట కొట్టగానే ఆమె ఒకటో తరగతికి వెళ్ళింది. మెట్ల కిందున్న చీపుర్ల గది తలుపు తెరిచి ఉంది. లోపల మేకుకి, ఫినాయిలు డబ్బాల పైన, నీలం రిబ్బను పతకం వేలాడుతోంది. ఒకటో తరగతి గదిలో ఇసుక పళ్ళెం కిటికీ కిందే ఉంది. ఆయా ఎవరో అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. ఈ మధ్యే చదువు ముగించినట్టుంది, చేతిసంచిని రెండు చేతుల్తో గుండెకి ఆనించి పట్టుకుంది.

"ఫాదర్ పంపించారు," అంది ఆయా పెద్ద టీచర్‌తో. తర్వాతి మాట పలకడానికి ఆమె మూతి వంకర తిప్పింది. "కొత్త సహాయకురాలంట."

పెద్ద టీచర్ ఆ అమ్మాయిని చూసింది. చెల్లెలు మొదటిరోజు ఇలాగే సంచి పట్టుకుని ఈ గుమ్మంలోనే నిలబడింది.

"ఆర్డర్ ఇచ్చారా అమ్మా?"

"ఇంకా లేదండీ. ముందు చేరిపో, తర్వాత చూద్దాం అన్నారు."

"చూద్దాం అన్నారా."

"అవునండీ."

పెద్ద టీచర్ చేతిలోని సుద్దముక్క బల్లమీద పెట్టింది. వేళ్ళకంటిన పొడి చెల్లెలు కుట్టిన నాలుగు రంగుల గుడ్డకి తుడుచుకుంది. "సంచి ఇక్కడ పెట్టు. నాతో రా. ఫాదర్ గదికి వెళ్దాం. నీ ఆర్డర్‌లో ఏం రాస్తారో ఇద్దరం నిలబడి చూద్దాం. రాసేదాకా అక్కణ్ణించి కదలొద్దు. ఆయా, అప్పటిదాకా ఈ గది నీది."

"నాదే కానీ, ఎవడైనా నన్ను టీచర్ అన్నాడంటే నాకు పూచీ లేదు," అంది ఆయా.

అమ్మాయి బెదురుగా గదిలోకి ఒక అడుగు వేసి సంచి బల్ల పక్కన పెట్టింది. కొత్త మనిషి లోపలికి రావడం చూసి పిల్లలు బల్లలు కదిలిస్తూ లేచి నిలబడ్డారు. చిన్న టీచర్ నేర్పినట్టే, సాగదీసి, ఒకే గొంతుతో అన్నారు.

"గుడ్ మార్నింగ్ టీచర్!"

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది, ఎవరో టీచర్ వస్తున్నారేమోనని.

వెనక ఎవరూ లేరు.

"నిన్నే," అంది పెద్ద టీచర్. "జవాబు చెప్పు. తర్వాత వెళ్దాం."